తలనొప్పి వచ్చిన రోజుకూ ఒక రూల్

రెండో అటెంప్ట్ ప్రిలిమ్స్ రోజున ఉదయం జీఎస్ పేపర్ బాగానే రాశాను. పదకొండున్నరకు బయటికొచ్చి, ఎండలో గోడవారగా నిలబడి అందరితో పాటు ఆన్సర్లు పోల్చుకున్నాను. పన్నెండున్నరకల్లా కుడి కణతలో మొదలైంది. రెండున్నరకు సీశాట్ పేపర్ చేతికొచ్చేసరికి ట్యూబ్‌లైటు వెలుతురు కూడా గుచ్చుకుంటోంది. ప్యాసేజీలో ఒకే లైను నాలుగుసార్లు చదివాను. సీశాట్‌లో 33 శాతం వస్తే చాలు. ఇంజినీరింగ్ చదివినవాడికి అదో లెక్కా అంటారు. నాకు రాలేదు.

తప్పంతా తలనొప్పిదే అనను. సీశాట్‌ను తేలిగ్గా తీసుకుని మాక్ టెస్టులు రాయకపోవడం నా తప్పే. కానీ మూడేళ్లుగా అమృతాంజనం రాసి, మాత్ర మింగి నెట్టుకొస్తున్న ఈ నొప్పిని ఆ రిజల్ట్ తర్వాతే మొదటిసారి ఒక సమస్యగా చూశాను. ఢిల్లీలోనే ఒక ప్రభుత్వ ఆస్పత్రి న్యూరాలజీ ఓపీకి వెళ్లాను. డాక్టర్ గారు పరీక్ష చేసి మైగ్రేన్ అన్నారు, మన వాడుకలో పార్శ్వపు నొప్పి. నెల రోజులు డైరీ రాసుకురమ్మన్నారు. రాస్తే తేలిన లెక్క ఇది: తలనొప్పి వచ్చిన రోజులు 14, మాత్ర వేసుకున్న రోజులు 16. ఆ మిగతా రెండు రోజులు వస్తుందేమోనన్న భయంతో ముందే వేసుకున్నవి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చని అప్పుడే తెలిసింది. కాంబినేషన్ మాత్రలైతే ఆ హద్దు 10 రోజులే.

ఆయన నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు రాశారు. నొప్పి మాత్రలు ఎలా తగ్గించాలో చెప్పారు. చీటీలో చివరి లైను: "ఏరోబిక్ ఎక్సర్‌సైజ్, వారానికి 3 రోజులు, 40 నిమిషాలు." మందు ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ చివరి లైనును మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మానేశాను. నాలుగోసారి నిలబడింది. ఎందుకు నిలబడిందో రాయాలనిపించింది, ఎందుకంటే మన రీడింగ్ రూముల్లో బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నవాళ్లందరూ నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

ముందుగా, ఆ చివరి లైను డాక్టర్ గారి మర్యాద మాట కాదు. స్వీడన్‌లో ఎమ్మా వార్కీ బృందం 2011లో ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. 91 మంది మైగ్రేన్ రోగులను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపు వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం, ఒక గుంపు రిలాక్సేషన్ సాధన, ఒక గుంపు టోపిరమేట్ అనే మందు. మూడు గుంపుల్లోనూ అటాక్‌లు దాదాపు ఒకే మేరకు తగ్గాయి. 91 మంది చిన్న సంఖ్యే, దాన్ని పట్టుకుని మందు అక్కర్లేదని ఎవరూ అనకూడదు. కానీ వ్యాయామాన్ని వైద్యంలో భాగంగా చూడటానికి ఆధారం ఉందని అర్థమవుతుంది.

మరి తెలిసీ ఎందుకు మానేస్తాం? బద్ధకం అని తేల్చేయడం సులభం. నేనూ నన్ను అలాగే తిట్టుకున్నాను. కానీ మైగ్రేన్‌ను గుర్తించే అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఒక మాట ఉంది: నడవడం, మెట్లెక్కడం లాంటి మామూలు కదలికలకే నొప్పి పెరగడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. నెదర్లాండ్స్‌లో 103 మంది మైగ్రేన్ రోగులను అడిగితే, 38 శాతం మంది వ్యాయామం వల్ల అటాక్ వచ్చిన అనుభవం ఉందన్నారు. వాళ్లలో సగం మంది ఆ ఆట లేదా వ్యాయామాన్ని వదిలేశారు. అంటే మనం కదలకపోవడానికి శరీరం దగ్గర సొంత సాక్ష్యం ఉంది. పరుగెత్తాను, నొప్పొచ్చింది. పడుకున్నాను, తగ్గింది. నొప్పి తగ్గిన ప్రతిసారీ పడుకునే అలవాటుకు బహుమతి దొరికినట్టే. సైకాలజీ ఆప్షనల్ వాళ్లు దీన్ని నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. ఇలా నేర్చుకున్న శరీరానికి మోటివేషన్ వీడియో చూపిస్తే ఏం లాభం?

నా మూడు వైఫల్యాలు ఇవి.

మొదటిసారి కొత్త షూ కొని, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మా గల్లీ చివరి పార్కులో మొదటి రోజే ఐదు కిలోమీటర్లు పరుగెత్తాను. నాలుగో రోజు అటాక్. షూ మంచం కిందికి వెళ్లింది.

రెండోసారి తెలివిగా ఆలోచించాననుకున్నాను. తల బాగున్న రోజే నడుద్దాం అనుకున్నాను. ఇది వినడానికి సబబుగా ఉంటుంది, కానీ అన్నిటికంటే పెద్ద ఉచ్చు ఇదే. తల బాగోలేని రోజు నడవలేను. తల బాగున్న రోజు, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందోనని, బ్యాక్‌లాగ్ ముందేసుకుని రాత్రి దాకా చదువుతాను. ఇక నడక ఏ రోజు? నెల తిరిగేసరికి రెండుసార్లు నడిచాను.

మూడోసారి ఫోన్‌లో యాప్ పెట్టాను. వరుసగా 19 రోజులు. ఇరవయ్యో రోజు అటాక్ వచ్చి చీకటి గదిలో పడుకుంటే, సాయంత్రానికి యాప్‌లో సున్నా కనిపించింది. 19 రోజులూ వృథా అయినట్టు అనిపించి యాప్ తీసేశాను, నడకా మానేశాను.

మూడింటిలో ఉన్న లోపం ఒకటే. నా ప్లాన్‌లో తలనొప్పికి చోటు లేదు. నెలలో 14 రోజులు వచ్చే అతిథిని, రాడనుకుని ఇల్లు సర్దుకున్నాను.

నాలుగోసారికి దారి చూపింది విల్బర్ట్ ఫోర్డైస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఆలోచన. ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్న రోగులతో పనిచేశారు, 1976లో దాని మీద పుస్తకం రాశారు. నొప్పి వచ్చేదాకా పనిచేసి, నొప్పి రాగానే ఆగితే, విశ్రాంతి నొప్పికి బహుమతి అవుతుందన్నది ఆయన గమనింపు. అందుకని రోగి ఎంత చేయగలడో ముందు కొన్నిసార్లు కొలవాలి. దానికంటే కాస్త తక్కువగా ఒక కోటా పెట్టాలి. కోటా పూర్తయ్యాక విశ్రాంతి. నొప్పి లేదని కోటా దాటకూడదు. కోటా మెల్లగా పెరుగుతుంది. ఆపాలా వద్దా అన్నది నొప్పి నిర్ణయించదు, ముందే రాసుకున్న అంకె నిర్ణయిస్తుంది.

నేను మూడు రోజులు కొలిచాను. తల బరువెక్కకుండా నడవగలిగింది 14 నిమిషాలు, 11 నిమిషాలు, 17 నిమిషాలు. కోటా 10 నిమిషాలు అని రాసుకున్నాను. డాక్టర్ గారు చెప్పిన 40తో పోలిస్తే సిగ్గుపడాల్సిన అంకె. పార్కులో తాతయ్యలు నన్ను దాటుకుంటూ పోయేవారు. అయినా రెండు వారాలు 10 దాటలేదు. తర్వాత వారానికి రెండేసి నిమిషాలు పెంచాను.

అయితే ఫోర్డైస్ మాటను మైగ్రేన్‌కు ఉన్నదున్నట్టు అతికించకూడదు. దీర్ఘకాలిక నడుంనొప్పి వేరు, వాంతులతో వచ్చే అటాక్ వేరు. అటాక్‌లో నడవమనడం క్రూరత్వం. అందుకే ఇంకో పనిముట్టు కావలసి వచ్చింది.

పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్ట్ 1999లో రాసిన వ్యాసంలో చెప్పింది చాలా చిన్న విషయం. "వ్యాయామం చేస్తాను" అనుకోవడం కంటే, "ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టుకున్న మాట ఎక్కువ పనిచేస్తుంది. బ్రిటన్ విద్యార్థుల మీద 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏమీ చెప్పని గుంపులో 38 శాతం, వ్యాయామం ఎంత మంచిదో నూరిపోసిన గుంపులో 35 శాతం మంది ఆ తర్వాతి వారంలో వ్యాయామం చేశారు. ఆ నూరిపోతతో పాటు ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అని కూడా రాయించిన గుంపులో 91 శాతం మంది చేశారు. ఉపన్యాసం ఒక్కటే ఏ తేడా తేలేదు. టైమూ చోటూ రాసుకోవడం తెచ్చింది.

నేను దీన్ని తలనొప్పికే వాడాను. గోడ మీద టైంటేబుల్ పక్కన నాలుగు లైన్లు అంటించాను.

తల తేలిగ్గా ఉంటే: మదర్ డెయిరీ బూత్ దగ్గర నుంచి పాలు తెచ్చి గదిలో పెట్టి, నాలుగు బిస్కెట్లు తిని, నీళ్లు తాగి, పార్కులో ఆ వారం కోటా.

తల బరువుగా ఉంటే: కోటాలో సగం, మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా.

అటాక్ అయితే: నడక లేదు. మందు, చీకటి, నిద్ర. డైరీలో "అ" అని ఒక్క అక్షరం.

అటాక్ మర్నాడు: ఐదు నిమిషాలు. ఐదే. చదువు ఎంత వెనకబడినా సరే.

మూడో లైను నన్ను కాపాడింది. అటాక్ రోజున "అ" రాస్తే రూల్ పాటించినట్టే లెక్క. ఆ రోజు నేను ఓడిపోలేదు, ప్లాన్‌లో ఉన్నదే చేశాను. నాలుగో లైను అంతకంటే ముఖ్యం. మానేయడమంటే ఒక రోజు తప్పడం కాదు. తప్పిన రోజుకీ తిరిగి మొదలుపెట్టే రోజుకీ మధ్య దూరం పెరుగుతూ పోవడం. ఆ దూరాన్ని ఒక్క రోజుకు కట్టేశాను. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. 96 మంది కొత్త అలవాటు చేసుకోవడాన్ని గమనిస్తే, పని దానంతట అది జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటు కూలిపోలేదు. 21 రోజుల్లో అలవాటు అన్న పోస్టర్ మా లైబ్రరీ గోడ మీద ఇంకా ఉంది.

మిగతావి చిన్న సర్దుబాట్లు. స్వీడన్ బృందం తమ రోగులకు ఇచ్చిన పద్ధతిలో 15 నిమిషాలు వార్మప్, 20 నిమిషాలు అసలు వ్యాయామం, 5 నిమిషాలు చల్లబడటం. నలభైలో సగం మెల్లగా చేసేదే. మొదటి రోజు నేను దూకిన దూకుడులో ఆ వార్మప్పే లేదు. మే నెలలో ఆరు గంటల లోపే ముగించేవాణ్ణి. నవంబరులో ఏక్యూఐ 300 దాటితే పార్కు బంద్, గదిలోనే నిలబడ్డచోట నడక. పాత ఇళయరాజా పాటలు నడిచేటప్పుడు తప్ప వినకూడదని పెట్టుకున్నాను. ఇది కేథరిన్ మిల్క్‌మన్ ప్రయోగం నుంచి తీసుకున్నది. ఆసక్తి పుట్టించే ఆడియో పుస్తకాలను జిమ్‌లోనే వినేలా చేస్తే మొదట్లో హాజరు 51 శాతం ఎక్కువైంది. సెలవులు రాగానే ఆ ఊపు తగ్గిపోయింది. అందుకే పాటల మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. ఊరెళ్లొచ్చిన మర్నాడు కూడా నాలుగో లైనే, ఐదు నిమిషాలు. పక్క గదిలో ఉండే శ్రీకాకుళం అన్న "ఏటి తమ్ముడూ, ఈ రోజు ఏ లైను?" అని అడిగేవాడు. నడిచావా అని ఎప్పుడూ అడగలేదు. ఏ లైను అని అడిగితే అబద్ధం చెప్పాల్సిన పని ఉండదు.

ఐదు నెలల తర్వాత డైరీలో తలనొప్పి రోజులు 14 నుంచి 8కి వచ్చాయి. నొప్పి మాత్రల రోజులు 16 నుంచి 5కి. ఇందులో మందు వాటా ఎంత, మాత్రలు తగ్గించడం వాటా ఎంత, నడక వాటా ఎంత అని విడదీయలేను. ఒక్క మనిషి మీద మూడూ ఒకేసారి మారితే ఏ ఇంజినీరూ లెక్క తేల్చలేడు. నడక ఐదు నెలలు ఆగలేదన్నది మాత్రం ఖాయం.

ఇంత నేర్చుకున్న గర్వంతో సంక్రాంతికి ముందు అమ్మకు ఫోన్‌లో క్లాసు పీకాను. అమ్మకూ నా నొప్పే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నెలకు నాలుగైదు రోజులు నుదుటికి తుండుగుడ్డ బిగించి కట్టుకుని వంట చేస్తూ కనిపించేది. "పొద్దున్నే కాలవ గట్టు మీద పది నిమిషాలు నడువమ్మా, టైము, చోటు ముందే రాసి పెట్టుకో" అన్నాను. "అట్టాగే నాన్నా" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

పండక్కి తెనాలి దగ్గర మా ఊరెళ్లాక తెల్లవారుజామునే లేచి కూర్చుని చూశాను. ఐదింటికి వాకిలి, ముగ్గు. ఐదున్నరకు నాన్నకు టీ. ఆరింటికి పాలు కాచడం, నాకు టీ. తర్వాత టిఫిను. నేను రాసుకోమన్న ఆ పది నిమిషాల్లో ఆమె నా టీ పెడుతోంది.

సూసన్ మిచీ, ఆమె సహచరులు 2011లో ఇచ్చిన ఒక నమూనా మనకు జీఎస్-4లో పనికొస్తుంది. ఏ ప్రవర్తన మారాలన్నా మూడు కావాలి: సామర్థ్యం, అవకాశం, ప్రేరణ. నేను అమ్మకు మూడోదాని గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమెకు లేనిది రెండోది. 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పనిలో పాల్గొనే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 97. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా చెబుతోంది. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42. ఈ రెండు సర్వేలను పక్కపక్కన పెట్టి చదవడం నాకు ఏ కోచింగ్ నోట్సూ నేర్పలేదు. మా వంటిల్లు నేర్పింది. మైగ్రేన్ కూడా మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. అంటే వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆ పూట ఖాళీ లేదు.

కాబట్టి అమ్మ రూల్ అమ్మ గోడ మీద రాస్తే సరిపోదు. నాన్న దగ్గర రాయాలి. "ఐదున్నర అయితే నేను టీ పెట్టుకుంటాను" అన్నది నాన్న లైను. అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. "టీ పెట్టడం నాకు రాదనుకున్నావేంట్రా" అన్నారు, కాస్త కోపంగానే. ఇప్పుడు ఎదురింటి పిన్నితో కలిసి అమ్మ కాలవ గట్టు మీద నడుస్తోంది. వారంలో నాలుగు రోజులు ఖాయం. నొప్పి తగ్గిందా అని అడిగితే, "తగ్గిందో లేదో చూడాలి గానీ, ఆ కాసేపు ఎవరూ నన్ను పిలవరు" అంది. డైరీ రాయమంటే నవ్వింది. ఆ డైరీ నేను ఫోన్‌లో అడిగి రాస్తున్నాను.

2018-19 ఆర్థిక సర్వేలో నడ్జ్ మీద ఒక అధ్యాయమే ఉంది, మనలో చాలామంది స్వచ్ఛభారత్ ఉదాహరణతో కోట్ చేస్తాం. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. పిలుపు అవసరమే. కానీ నొప్పితో బతికే మనిషికి పిలుపు తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు కావాలి: ఏ టైముకు, ఎక్కడ? నొప్పి వచ్చిన రోజు ఏం చేస్తావు? ఆ టైములో నీ పని ఎవరు చేస్తారు? ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ చూసే కార్యకర్త ఈ మూడూ అడిగి కాగితం మీద రాసిస్తే ఐదు నిమిషాల పని. మూడో ప్రశ్న ఇంట్లోవాళ్ల ముందు అడగాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పి, శ్రమ పడినప్పుడు మొదటిసారి వచ్చినది, జ్వరంతో గానీ, చెయ్యికాలు బలహీనతతో గానీ, మాట తడబాటుతో గానీ, చూపులో తేడాతో గానీ వచ్చినది, యాభై దాటాక కొత్తగా మొదలైనది, వీటికి నడక మందు కాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నా లైన్లు డాక్టర్ చూసి మైగ్రేన్ అన్న తర్వాతవి.

ప్రిలిమ్స్‌కు ఇంకా ఏడు వారాలుంది. ఆ రోజు మధ్యాహ్నం కణతలో మళ్లీ మొదలవదని నడక హామీ ఇవ్వదు. అందుకే ఆ రోజుకూ లైన్లు రాసుకున్నాను: పేపర్ అయ్యాక ఆన్సర్లు పోల్చుకోవడం లేదు, నీడలో కూర్చోవడం, పెరుగన్నం, నీళ్లు, తల బరువెక్కితే డాక్టర్ చెప్పిన మాత్ర ఆలస్యం చేయకుండా. ఈసారి సీశాట్ మాక్‌లు కూడా రాస్తున్నాను, వారానికి రెండు.

ఇది రాస్తుంటే తల కొంచెం బరువుగానే ఉంది. రెండో లైను. కోటాలో సగం, పదిహేడు నిమిషాలు. వెళ్లొస్తాను.